జార్ పెళ్ళికూతురు, మన కాళింది

పెళ్ళిచూపులంటే మనకు తెలిసిన లెక్క ఒకటుంది. ఒక పిల్లను చూడడానికి పదిమంది వస్తారు. చాయ తాగుతారు, మిక్చర్ తింటారు, పిల్లను ఒకటి రెండు మాటలు అడుగుతారు, ఇంటికి పోయి ఫోన్ చేస్తామంటారు. 1571లో రష్యాలో ఈ లెక్క తలకిందులైంది. ఒక్క మగాడు చూసుకోవడానికి రెండు వేలమంది ఆడపిల్లలను రప్పించారని ఆ కాలం వాళ్ళు రాసిపెట్టారు. ఆ రెండు వేలమందిలోంచి ఇరవై నలుగురిని తీశారు. ఇరవై నలుగురిలోంచి పన్నెండుమందిని తీశారు. చివరికి ఒక్కరు మిగిలారు.

ఆ పిల్ల పేరు మార్ఫా సబాకినా. ఎంచుకున్నవాడు రష్యా జార్ చక్రవర్తి ఇవాన్. చరిత్ర అతన్ని భయంకర ఇవాన్ అని పిలుస్తుంది. అప్పటికే అతనికి ఇద్దరు భార్యలు పోయారు. అక్టోబర్ 28న పెళ్ళి జరిగింది. నవంబర్ 13న పెళ్ళికూతురు చనిపోయింది. మధ్యలో ఉన్నవి పదహారు రోజులు. సంబంధం ఖాయమైన తరువాతే పిల్లకు జబ్బు మొదలైంది, పెళ్ళి పీటల మీదికి వచ్చేసరికే చిక్కి సగమైంది. ఎవరో ఏదో పెట్టారన్నారు. ఎవరు పెట్టారో, అసలు పెట్టారో లేదో ఇప్పటికీ తేలలేదు.

ఈ పదహారు రోజుల కాపురం మీద లెవ్ మెయ్ అనే రష్యన్ కవి 1849లో ఒక నాటకం రాశాడు. దాని పేరు జార్ పెళ్ళికూతురు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1899లో, అదే పేరుతో అది ఒపెరాగా మాస్కోలో రంగమెక్కింది. ఇవాళ నేను రాస్తున్నది ఆ ఒపెరా గురించి. దానితోపాటు, పెళ్ళికూతురి చావు చుట్టూనే అల్లిన మన తెలుగు పద్యనాటకం వరవిక్రయం గురించి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి తోచింది. పెళ్ళి బేరంలో అందరికన్నా బలమైనవాళ్ళు నోరు తెరవరు. తెరవాల్సిన అవసరం వాళ్ళకు ఉండదు.

నాటకం పాటయిన వైనం

ఒపెరా అన్న మాట విని భయపడనక్కరలేదు. మన పద్యనాటకానికి అది దూరపు చుట్టం. మన దగ్గర పద్యానికీ పద్యానికీ మధ్య వచనం ఉంటుంది. ఒపెరాలో మామూలుగా అదీ ఉండదు. తలుపు తియ్యమన్నా, నీళ్ళు తెమ్మన్నా పాడి చెప్పాల్సిందే. మనకు హార్మోనియం, తబలా ఉన్నచోట వాళ్ళకు పదుల సంఖ్యలో వాద్యాలు వాయించే బృందం వేదిక ముందు కూర్చుంటుంది. మన ప్రేక్షకులు మంచి పద్యం రాగానే వన్స్ మోర్ అన్నట్టే వాళ్ళూ ఒక్కొక్క పాటకు చప్పట్లతో ఆటను ఆపేస్తారు.

ఈ ఒపెరాకు సంగీతం కట్టినవాడు నికోలాయ్ రిమ్‌స్కీ కోర్సకోవ్. 1844లో పుట్టాడు, మొదట నౌకాదళంలో అధికారి. తరువాత సంగీతానికే అంకితమై పదిహేను ఒపెరాలు రాశాడు. తుమ్మెద చెవి దగ్గర గిరగిరా తిరుగుతున్నట్టు వినిపించే ఒక చిన్న వాద్య సంగీతం మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అది ఈయనదే, ఇంకో ఒపెరా మధ్యలోది. లెవ్ మెయ్ నాటకాలంటే ఈయనకు ఎంత ఇష్టమంటే, ఒకటి కాదు, మూడు నాటకాలను ఒపెరాలు చేశాడు. జార్ పెళ్ళికూతురు పాటల పాఠాన్ని మెయ్ నాటకం నుంచి ఇల్యా త్యుమెనెవ్ సిద్ధం చేశాడు. సంగీతం 1898లో పూర్తయింది.

పెళ్ళికూతురు మార్ఫా పాత్రను ఈయన ఒక గాయనిని మనసులో పెట్టుకుని రాశాడు. ఆమె పేరు నదెజ్దా జబేలా. ఆమె భర్త మిహయీల్ వ్రూబెల్ పేరుమోసిన చిత్రకారుడు. మొదటి ప్రదర్శనకు రంగాలంకరణ అతనిదే. భార్య పాడుతుంటే, ఆమె నిలబడే ఇంటిని, వీధిని భర్త గీశాడన్నమాట. కథలో మాత్రం అంత అన్యోన్యంగా ఉన్న జంట ఒక్కటీ లేదు.

నాలుగు అంకాల కథ

మొదటి అంకం పేరు విందు. గ్ర్యజ్నోయ్ అనేవాడు జార్ ప్రత్యేక దళంలో మనిషి. నల్లబట్టలు వేసుకుని, జార్ పేరు చెప్పి ఊళ్ళమీద పడే దళం అది. అతను మార్ఫా మీద మనసు పడ్డాడు. తండ్రి దగ్గరికి పోయి అడిగాడు. పిల్లను చిన్నప్పుడే ఇవాన్ లీకోవ్‌కు ఇస్తామని మాట ఇచ్చామని తండ్రి చెప్పాడు. గ్ర్యజ్నోయ్ ఇంట్లో అప్పటికే ల్యుబాషా అనే స్త్రీ ఉంది. ఇతనే ఒకప్పుడు ఆమెను పుట్టిన ఊరినుంచి బలవంతంగా ఎత్తుకొచ్చాడు. ఇప్పుడు ఆమెకు ఇతను తప్ప దిక్కులేదు, ఇతనికి ఆమె మొహం మొత్తింది.

విందుకు వచ్చినవాళ్ళు ల్యుబాషాను ఒక పాట పాడమంటారు. ఆమె పాడుతుంది. అంత పెద్ద వాద్యబృందం ఉండగా, ఈ పాటకు ఒక్క వాద్యం కూడా తోడు రాదు. ఒట్టి గొంతు. ఇష్టంలేని పెళ్ళికి నన్ను త్వరగా ముస్తాబు చెయ్యి అని కూతురు తల్లితో చెప్పుకునే పాట అది. వింటుంటే పెళ్ళికి తయారు చేస్తున్నారో, పాడెకు తయారు చేస్తున్నారో తెలియదు. భాష అర్థం కాకపోయినా ఈ పాట ఒక్కటి వెతుక్కుని వినండి. మన అప్పగింతల పాటలు విని పెరిగిన చెవికి అది పరాయి పాటలా అనిపించదు.

రెండో అంకం పేరు వశీకరణ మందు. గ్ర్యజ్నోయ్ జార్ గారి విదేశీ వైద్యుడు బొమేలీని మార్ఫా తనకు వశమయ్యే మందు అడిగాడు. ఈ మాట ల్యుబాషా చాటునుంచి వింది. ఆమె కూడా అదే వైద్యుడి దగ్గరికి వెళ్ళింది. మనిషిని ఒక్కసారిగా చంపకుండా, రోజురోజుకూ అందాన్ని పీల్చేసే మందు కావాలంది. ఉంగరం ఇస్తానంది, ఉన్న నగలు ఇస్తానంది. అతను అవేవీ వద్దన్నాడు. ఆమెనే అడిగాడు. ఆమె అసహ్యించుకుని వెనక్కి తిరిగింది. కానీ ఎదురింటి కిటికీలోంచి మార్ఫా నవ్వు వినబడింది. ఆమె ఆగిపోయింది.

మూడో అంకంలో మార్ఫా ఇంట్లో పెళ్ళి మాటలు. జార్ పెళ్ళిచూపులకు మార్ఫానూ, ఆమె స్నేహితురాలు దున్యాషానూ కూడా తీసుకుపోయారు. రెండు వేలమందిలోంచి మిగిలిన పన్నెండుమందిలో ఇద్దరూ ఉన్నారు. జార్ దున్యాషాతో ఎక్కువసేపు మాట్లాడాడని తెలిసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. హమ్మయ్య, మన పిల్ల తప్పింది అనుకుంటారు. మార్ఫా, లీకోవ్‌ల నిశ్చితార్థానికి పానీయం పోస్తారు. తోడిపెళ్ళికొడుకుగా పోసేది గ్ర్యజ్నోయే. మార్ఫా గ్లాసులో మందు కలుపుతాడు. తను కలుపుతున్నది వశీకరణ మందు అనుకుంటాడు. ల్యుబాషా ముందే దాన్ని మార్చేసింది. ఆమె తాగిన కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది. రాజు గారి మనుషులు వస్తారు. జార్ మార్ఫాను ఎంచుకున్నాడు.

ఆ ఇంటివాళ్ళు ఏం చేస్తారు? తండ్రి వంగి నేలకు తల ఆనిస్తాడు. ఇంకేం చేయగలడు?

నాలుగో అంకం రాజభవనంలో. మార్ఫాకు రోగం. లీకోవే ఆమెకు విషం పెట్టినట్టు ఒప్పుకున్నాడని, తన చేతులతోనే అతన్ని చంపానని గ్ర్యజ్నోయ్ వచ్చి చెబుతాడు. ఆ మాట విని మార్ఫాకు మతి పోతుంది. ఎదురుగా నిలబడ్డ గ్ర్యజ్నోయ్‌నే లీకోవ్ అనుకుంటుంది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి తిరిగిన తోట గురించి, కట్టుకున్న పూలదండల గురించి పాడుతుంది. గ్ర్యజ్నోయ్ ఆ మాటలు విని తట్టుకోలేక మందు కలిపింది తనే అని అరుస్తాడు. ల్యుబాషా ముందుకొచ్చి దాన్ని మార్చింది నేను అంటుంది. అతను ఆమెను పొడిచి చంపుతాడు. అతన్ని లాక్కుపోతారు. మార్ఫాకు ఇవేవీ తెలియవు. రేపు మళ్ళీ రమ్మని లేని లీకోవ్‌ను పిలుస్తూ ఉండిపోతుంది.

పాట లేని రాజు

కథంతా చదివాక దోషి ఎవరని అడిగితే చాలామంది ల్యుబాషా అంటారు. విషం మార్చింది ఆమే కదా. ఇంకొందరు గ్ర్యజ్నోయ్ అంటారు. మన ఇళ్ళల్లోనూ ఇంతే. ఒక కోడలు చచ్చిపోతే మొదట అత్త పేరు, తరువాత ఆడబిడ్డ పేరు వస్తుంది. వాళ్ళ తప్పు లేదని నేను అనడం లేదు. కానీ ఆ ఇంట్లో ఎవరి కోసం అంతా జరుగుతోందో, ఆ మనిషి పేరు చివర్న వస్తుంది, లేదా రానే రాదు.

రిమ్‌స్కీ కోర్సకోవ్ ఈ సంగతిని మాటల్లో చెప్పలేదు. రెండో అంకంలో మార్ఫా వీధిలో నిలబడి ఉండగా ఒక మనిషి గుర్రం మీద అటుగా వస్తాడు. ఆగి ఆమెను తేరిపారా చూస్తాడు. ఆ చూపుకు ఆమె రక్తం గడ్డకడుతుంది. అతను వెళ్ళిపోతాడు. అతనే జార్. ఒపెరా మొత్తంలో అతను కనిపించేది అంతే. ఒక్క మాట పాడడు. ఈ నాలుగు అంకాల్లో అందరూ పాడతారు. తండ్రి పాడతాడు, వైద్యుడు పాడతాడు, పనిమనుషులు కూడా పాడతారు. ఎవరి ఇష్టం వల్ల ఇంతమంది చచ్చిపోయారో, అతనికి ఒక్క స్వరం కూడా లేదు.

చక్రవర్తిని ఒపెరాలో పాడించకూడదని కట్టడి ఉందేమో అని ఎవరికైనా అనుమానం రావచ్చు. అలాంటి కట్టడి ఒకప్పుడు నిజంగానే ఉండేది. కానీ 1873లో ఇదే సంగీతకారుడి మొదటి ఒపెరాలో ఇదే ఇవాన్ జార్ వచ్చి చక్కగా పాడాడు. అంటే ఈ ఒపెరాలో అతనికి నోరు లేకపోవడం సంగీతకారుడు కావాలని చేసిన పని. పాడేవాళ్ళ బాధ మనకు తెలుస్తుంది కాబట్టి వాళ్ళమీద కోపమో, జాలో వస్తుంది. పాడనివాడి మీద ఏదీ రాదు. అతను వాతావరణంలా ఉంటాడు. వానకు ఇల్లు కూలితే వాన మీద కేసు పెట్టం కదా.

అసలు చరిత్రలో ఆ పెళ్ళిచూపులు ఎలా జరిగేవో తెలిస్తే ఈ మౌనం ఇంకా బాగా అర్థమవుతుంది. రష్యా రాజులకు పెళ్ళికూతుళ్ళను ఇలా గుంపులోంచి ఎంచే ఆచారం 1505లో ఇవాన్ తండ్రి కాలంలో మొదలైంది. ఊరూరికీ చీటీలు పోయేవి. ఈడొచ్చిన కూతురున్నవాళ్ళు చూపించడానికి తీసుకురావాలి. దాచినవాళ్ళ మీద రాజుకు ఆగ్రహం కలుగుతుందని ఆ చీటీల్లోనే రాసేవాళ్ళు. తెచ్చిన పిల్లల ఒళ్ళు, ఆరోగ్యం మంత్రసానులు, వైద్యులు పరీక్షించేవాళ్ళు. కూతుర్ని ఇవ్వనని చెప్పే దారి తండ్రికి లేదు. ఇస్తానని చెప్పాల్సిన అవసరమూ లేదు. అతన్ని అడగరు.

మార్ఫా చనిపోయాక ఇవాన్‌కు ఇంకో చిక్కు వచ్చింది. వాళ్ళ మతంలో మూడు పెళ్ళిళ్ళ వరకే ఒప్పుకుంటారు. 1572లో అతను మతపెద్దల ముందు, మార్ఫాతో తనకు కాపురమే జరగలేదని చెప్పి నాలుగో పెళ్ళికి అనుమతి తెచ్చుకున్నాడు. అలా ఆ పిల్ల పదహారు రోజుల పెళ్ళి కూడా లెక్కలోకి రాకుండా పోయింది. ఆమె శవపేటికను మాస్కో కోటలో ఉన్న ఆడవాళ్ళ మఠంలో, రాణుల మధ్య పెట్టారు. 1929లో ఆ మఠాన్ని కూల్చేటప్పుడు రాణులందరి పేటికలతో పాటు ఆమెదీ పక్కనున్న పెద్ద చర్చి నేలమాళిగకు మార్చారు. బతికుండగా పదహారు రోజులే రాణి. చచ్చాక నాలుగున్నర శతాబ్దాలుగా రాణుల వరుసలోనే ఉంది.

మన వైపు కథ

జార్ పెళ్ళికూతురు మాస్కోలో ఆడడానికి రెండేళ్ళ ముందు, 1897లో, మన గురజాడ కన్యాశుల్కం మొదటి ప్రతి అచ్చయింది. ఆ రోజుల్లో డబ్బు మగపెళ్ళివాళ్ళ నుంచి ఆడపెళ్ళివాళ్ళకు పోయేది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన అలాంటి పెళ్ళిళ్ళ లెక్క తీస్తే 1034 తేలాయని గురజాడ ముందుమాటలో రాశాడు. అందులో ఏడాది, రెండేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు.

పావు శతాబ్దం తిరగకముందే డబ్బు దారి మార్చుకుంది. ఇంగ్లీషు చదువులు, సర్కారు ఉద్యోగాలు వచ్చాక పెళ్ళికొడుక్కి ధర పెరిగింది. 1921లో కాళ్ళకూరి నారాయణరావు వరవిక్రయం రాశారు. పేరులోనే ఉంది, వరుణ్ణి అమ్మడం. అంతకు ముందు కన్యను అమ్మితే నాటకం రాయాల్సి వచ్చింది, ఇప్పుడు వరుణ్ణి అమ్ముతుంటే రాయాల్సి వచ్చింది. వ్యాపారం అదే, సరుకు మారింది. మారని సంగతి ఒకటుంది. రెండింటిలోనూ ఏడ్చింది ఆడపిల్లే.

పురుషోత్తమరావు, భ్రమరాంబ దంపతులకు ఇద్దరు కూతుళ్ళు, కాళింది, కమల. కాళిందికి సింగరాజు లింగరాజు అనే పిసినారి ధనవంతుడి ఇంటి సంబంధం కుదురుతుంది. వేలల్లో కట్నం. మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్య. తన పెళ్ళి కోసం తండ్రి ఉన్నది ఊడ్చి ఇస్తున్నాడని కాళింది చూస్తుంది. చూసి ప్రాణం తీసుకుంటుంది. పెళ్ళి లేదు కదా, డబ్బు తిరిగి ఇవ్వమంటే లింగరాజు ఇవ్వడు.

ఇది కవి ఊహ మాత్రమే అనుకోకండి. నాటకానికి ఏడేళ్ళ ముందు, 1914లో, కలకత్తాలో స్నేహలత అనే పదిహేనేళ్ళు కూడా నిండని పిల్ల, తన కట్నం కోసం తండ్రి ఇల్లు తాకట్టు పెట్టబోతున్నాడని తెలిసి ఒంటికి నిప్పంటించుకుంది. దేశమంతా పత్రికలు రాశాయి. సభలు పెట్టారు. కట్నం తీసుకోమని యువకులు ప్రమాణాలు చేశారు. ప్రమాణాలు ఎన్నాళ్ళు నిలబడ్డాయో మనకు తెలుసు.

కాళింది కథ దగ్గరే నాటకం ఆగి ఉంటే అదీ మార్ఫా కథలాగే ఒక ఏడుపుగా మిగిలేది. కాళ్ళకూరి వారు చెల్లెల్ని ముందుకు తెచ్చారు. అక్కకు చూసిన సంబంధాన్నే తను చేసుకుంటానని కమల ఒప్పుకుంటుంది. పెళ్ళవుతుంది. కాపురానికి రమ్మంటే రానంటుంది. గొడవ కోర్టుకు ఎక్కుతుంది. అక్కడ ఆమె వాదన ఇది. డబ్బు ఇచ్చి కొనుక్కున్నది మేము. కొన్న వస్తువు కొన్నవాళ్ళ ఇంటికి రావాలి. కాబట్టి పెళ్ళికొడుకే మా ఇంటికి రావాలి.

నాకు తెలిసి మన నాటకాల్లో ఆడపిల్ల అన్న మాటల్లో ఇంత చల్లగా, ఇంత పదునుగా ఉన్నది ఇంకోటి లేదు. ఆమె ఏడవదు, శపించదు. వాళ్ళ లెక్కనే తీసుకుని చివరిదాకా చేసి చూపిస్తుంది. కానుక అనీ, మర్యాద అనీ, లాంఛనం అనీ రకరకాల పేర్లు పెట్టి దాచిన పనికి అసలు పేరు పెడుతుంది. అమ్మకం.

1939లో ఈ నాటకం సినిమా అయింది. కలకత్తా ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ తీసింది, దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య. కాళిందిగా వేసిన అమ్మాయికి పదమూడేళ్ళు. అదే ఆమె మొదటి సినిమా. ఆమె భానుమతి. కమలగా పుష్పవల్లి. లింగరాజుగా, సత్య హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం. నాటకంలోని పద్యాల పక్కన సినిమాలో త్యాగరాజ కీర్తన కూడా చేరింది. భానుమతి గొంతు అలా ఆంధ్రదేశానికి తెలిసింది. చచ్చిపోయే పెళ్ళికూతురి పాత్రతో పైకి వచ్చిన ఆ పిల్ల, తరువాత సినిమాలు తీసింది, దర్శకత్వం చేసింది, సంగీతం కట్టింది, అత్తగారి కథలు రాసి మనందరినీ నవ్వించింది. అది వేరే కథ, కానీ ఇక్కడ తలుచుకోకుండా ఉండలేకపోయాను.

నాలుగు భాషల్లో ఒకే ధర

మా జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు భాషలవారీగా విడిపోయినప్పుడు మెదక్ జిల్లాలోకి వచ్చింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. సరిహద్దు ఊరు కాబట్టి బజారులో నాలుగు భాషలు వినబడతాయి. పెళ్ళికొడుక్కిచ్చే డబ్బుకు నాలుగు భాషల్లోనూ నాలుగు పేర్లున్నాయి. తెలుగులో కట్నం. ఉర్దూలో జోడే కీ రఖమ్. కన్నడలో వరదక్షిణె. మరాఠీలో హుండా. మతం వేరు, దేవుడు వేరు, పెళ్ళి జరిగే తీరు వేరు. బట్టల కొట్టులోనూ, బంగారం కొట్టులోనూ పక్కపక్కన కూర్చున్న నలుగురు తండ్రులు నాలుగు భాషల్లో మాట్లాడుకున్నా, వాళ్ళ మనసులోని అంకె మాత్రం ఒకే రకంగా బరువుగా ఉంటుంది.

మన తెలంగాణలో నిశ్చితార్థాన్ని వరపూజ అంటాం. వరుడికి పూజ. పిల్లకు పూజ అని పేరున్న తంతు ఏదీ నాకు గుర్తు రాదు.

కాళ్ళకూరి వారి కాలంలో లింగరాజు నోరు తెరిచి అడిగేవాడు. రూపాయి రూపాయికి బేరమాడేవాడు. అందుకే ఆ పాత్రను చూసి జనం నవ్వారు, తిట్టారు. ఇప్పుడు లింగరాజులు తగ్గారు. ఇప్పుడు వినబడే మాట వేరు. "మాకేం వద్దమ్మా. మీ పిల్లకు మీరు పెట్టుకునేది మీ ఇష్టం." వినడానికి ఎంత బాగుంటుందో. ఆ రాత్రి పిల్ల తల్లికి నిద్ర పట్టదు. మీ ఇష్టం అంటే ఎంత? పెద్దకోడలికి వాళ్ళ పుట్టింటివాళ్ళు ఎన్ని తులాలు పెట్టారు? కారు ఇచ్చారా? ప్లాటు రాశారా? చుట్టుపక్కల వాకబు మొదలవుతుంది. అడగకుండానే అంకె తేలుతుంది. ఒక్కొక్కసారి అడిగితే తేలే అంకె కన్నా పెద్దదే తేలుతుంది.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుర్రం మీద ఆగి చూసి, ఒక్క ముక్క పాడకుండా పోయిన జార్ గుర్తొస్తాడు. అతనూ ఏమీ అడగలేదు. మార్ఫా తండ్రి తనంతట తనే వంగాడు.

అందరూ అలా అని కాదు. నిజంగానే ఏమీ వద్దని చెప్పి, ఆ మాట మీద నిలబడ్డ కుటుంబాలు మా చుట్టాల్లోనే ఉన్నాయి. వాళ్ళు ఎలా నిలబడ్డారో చూస్తే ఒక తేడా కనబడుతుంది. వాళ్ళు మీ ఇష్టం అనలేదు. ఇది వద్దు, ఇది వద్దు, ఇది వద్దు అని పేరుపేరునా చెప్పారు. మౌనంగా ఉండే మంచితనానికీ, నోరు తెరిచి చెప్పే మంచితనానికీ మధ్య ఒక ఆడపిల్ల తండ్రి అప్పు ఉంటుంది.

నాటకం వచ్చిన నలభై ఏళ్ళకు, 1961లో, వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అందులో ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. పెళ్ళిలో ఎవరూ అడగకుండా ఇచ్చే కానుకలకు మాత్రం మినహాయింపు ఉంది. మీ ఇష్టం అన్న మాట దూరేది ఆ సందులోంచే. కానీ ఆ సందుకు ఒక తలుపు కూడా పెట్టారు. 1985లో వచ్చిన నియమాల ప్రకారం, ఆ కానుకలన్నీ కాగితం మీద రాయాలి. వస్తువు ఏమిటి, దాని విలువ సుమారుగా ఎంత, ఎవరిచ్చారు, వాళ్ళు ఏమవుతారు, ఇవన్నీ ఉండాలి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఇద్దరూ సంతకం పెట్టాలి. పెళ్ళికూతురికి వచ్చిన కానుకల జాబితా పెళ్ళికూతురి దగ్గరే ఉండాలి.

అది చదివినప్పుడు కమల గుర్తొచ్చింది. ఆమె కోర్టులో చేసింది ఇదే కదా, లోపాయికారీగా జరిగినదాన్ని పదిమందిలో పైకి చదవడం.

ఒక లగ్గం పెట్టుకుంటే మన ఇళ్ళల్లో ఎన్ని లిస్టులు రాస్తాం! పిలుపుల లిస్టు, చీరల లిస్టు, కిరాణా లిస్టు, ఒడిబియ్యం సామాన్ల లిస్టు. ఎవరు ఎంత కట్నం చదివించారో నోటుబుక్కులో పైసాతో సహా రాసి, వాళ్ళింట్లో పెళ్ళికి అంతకు అంత తిరిగి చదివించడానికి ఇరవై ఏళ్ళు దాచుకుంటాం. పిల్లకు ఏమిచ్చి పంపామో, అడిగిచ్చామో అడగకుండా ఇచ్చామో, ఆ ఒక్క లిస్టు మాత్రం రాయం. రాస్తే అపశకునం అంటారు, వియ్యంకులు ఏమనుకుంటారో అంటారు.

ఇప్పుడు ఇంట్లో లగ్గం మాటలు నడుస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ లిస్టు కూడా రాయండి. రాసేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చేతనే రాయించండి. వీలైతే వరవిక్రయం కూడా ఒకసారి ఆమె చేత చదివించండి. మార్ఫాకూ, కాళిందికీ లేనిది కమలకు ఉన్నది ఒకటే. తనను ఎంతకు బేరమాడారో ఆమెకు తెలుసు, ఆ అంకెను పైకి చెప్పడానికి ఆమె సిగ్గుపడలేదు.